దరోగాను దాచిన పీరన్న

హుస్సేన్ పీరా గారు ఇక లేరు. ఈ వాక్యాన్ని నేను మొదటిసారి పలికింది మడకశిర బస్సులో. విన్నవాళ్ళలో ముగ్గురు నవ్వారు.

తప్పు వాళ్ళది కాదు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ దారిలో కండక్టరుగా టికెట్లు కొడుతూ నేను చెప్పిన కతలు అలాంటివి. పెనుకొండ దగ్గర కొండ మీంచి దొర్లుతున్న బండను మా డ్రైవరు హారన్ కొట్టి ఆపాడని చెప్పినవాణ్ణి. కిటికీ పక్క సీటు ఇవ్వలేదని ఒక పొట్టేలు అలిగి మధ్యలో దిగిపోయిందని చెప్పినవాణ్ణి. ఇలాంటి నోటి నుంచి మరణవార్త వెలువడితే ఎవరు నమ్ముతారు? ఫోను ఇంకా నా చేతిలోనే ఉంది. పీరా గారి దుకాణం పక్కన టీ అంగడి నడిపే మనిషి చేశాడు. "నాగన్నా, పీరన్న మోటారుకు తీగ చుడతా చుడతా పక్కకు ఒరిగినాడు. మళ్ళా లెయ్యలా" అన్నాడు. ముందు సీట్లో కూర్చున్న గొర్రెల కాపరి ఒకాయన నా ముఖంలోకి కాసేపు చూసి, "నవ్వొద్దండప్పా, ఈ తూరి నిజమే చెప్తాండాడు" అన్నాడు. ఆ దుర్వార్త నాకు కూడా అప్పుడే నిజమైంది.

గతించినవారిని గురించి రాసేటప్పుడు గుణగానమే చేయాలి, ఫిర్యాదు చేయకూడదని పెద్దలంటారు. క్షంతవ్యుణ్ణి. ఈ వ్యాసంలో సగం నివాళి, సగం ఫిర్యాదు. నా జీవితంలో నేను నూటికి నూరుపాళ్ళు నమ్మిన సత్యసంధుడు ఆయనొక్కరే. అబద్ధాలకోరుకు అలాంటివాడొకడు తప్పనిసరిగా కావాలి. ఎక్కడో ఒక చోట నిజమనేది ఉందని తెలియకపోతే అబద్ధం చెప్పడంలో రుచి ఉండదు. ఆ మనిషి నా దరోగా చచ్చిపోయాడని చెప్పి నా చేత కన్నీళ్ళు పెట్టించారు. రెండేళ్ళు నమ్మాను. దరోగా చావలేదు. ఆ సంగతి ఆయనను మట్టిలో కలిపిన తర్వాత, ఇక నిలదీయడానికి మనిషే లేనప్పుడు తెలిసింది.

దరోగా అంటే నేను పెంచుకున్న చేప. పీరా గారు నాకు చేపల పెంపకంలో గురువు. ముందు ఆయనను పరిచయం చేసి, తర్వాత నా బాధ చెప్పుకుంటాను.

ఆయన వృత్తి కాలిపోయిన బోరు మోటార్లకు రాగితీగ చుట్టి ప్రాణం పోయడం. నీళ్ళు పాతాళానికి దిగేకొద్దీ మన జిల్లాలో మోటార్లు కాలుతూనే ఉంటాయి గనుక ఆయనకు ఏనాడూ తీరిక ఉండేది కాదు. అరవై ఎనిమిదేళ్ళ వయసులోనూ ఆ వేళ్ళు సితారు వాయించినట్టు తీగ మీద ఆడేవి. నివాసం బుక్కరాయసముద్రంలో. ఇంటి ముందుగదిలో అందరూ టీవీ పెట్టుకునే గోడకు ఆయన ఆరడుగుల చేపల తొట్టి పెట్టుకున్నారు. అందులో ఉండేవి ఆఫ్రికా సరస్సుల నుంచి వచ్చిన సిక్లిడ్ జాతి చేపలు. పసుపు, నీలం, నారింజ రంగుల్లో పూలవాన కురిసినట్టుంటాయి. స్వభావం మాత్రం పొలం గట్టు తగాదాల్లో ఆరితేరిన దాయాదులది. తొట్టిలో జానెడు జాగా నాదంటే నాదని ప్రాణాలు తీసుకుంటాయి.

మన బోరునీళ్ళ సంగతి అందరికీ తెలిసిందే. కాచిన గిన్నెకు సున్నం కడుతుంది, టీ విరిగినట్టుంటుంది, ముప్పై ఏళ్ళకే పళ్ళు పసుపెక్కుతాయి. పీరా గారు ఆ నీళ్ళను దోసిట్లో పట్టుకుని, "మంచివా చెడ్డవా అని అడగొద్దప్పా, యెవురికి మంచివని అడుగు" అనేవారు. ఆ ఆఫ్రికా సరస్సు నీళ్ళు కూడా ఇలాగే గట్టివట. బెంగళూరులో ఉప్పులూ పొడులూ కలిపి తయారుచేసుకునే నీళ్ళు మనకు కొళాయి తిప్పితే వస్తాయని ఆయన గర్వం. ఈ జిల్లా నీళ్ళను చూసి గర్వపడిన మనిషిని నేను మరొకరిని చూడలేదు.

నాకు ఆయనతో పరిచయం ఒక నీళ్ళ సీసా వల్ల కలిగింది. రంగులు చూసి మోజుపడి మూడు చేపలు కొన్నాను. వారం తిరక్కుండా ఒకదాని రెక్కలు ఇంకొకటి చీరేసింది. దెబ్బతిన్న దాన్ని సీసాలో వేసుకుని ఆయన దుకాణానికి వెళ్ళాను. ఆయన తల ఎత్తకుండానే అడిగారు.

"మగోళ్ళు ఎంతమంది?"

"ఇద్దరు."

"ఆడోళ్ళు?"

"ఒకత్తె."

"అది అక్వేరియం కాదు నాయనా, స్టేషన్ మెట్ల మీద పంచాయితీ. రాళ్ళు వేసినావా?"

"రంగు గులకరాళ్ళు వేసినానన్నా. బొమ్మ బంగళా గూడా ఒకటి."

"బంగళా ఒకటే ఏసి ఇద్దరు మగోళ్ళను వదిలినావు. కొట్టుకోక ఏం చేస్తారు, టీ తాగుతారా?"

ఆ సాయంత్రమే ఆయన మా ఇంటికి వచ్చి బొమ్మ బంగళాను బయట పారేశారు. నల్లరాతి ముక్కలు, పగిలిన కుండ పెంకులు, కడప బండలు తెచ్చి, ఒక చేప నిలబడిన చోటు నుంచి మరో చేప కనబడకుండా గోడలు గోడలుగా పేర్చారు. "కండ్లబడకుంటే సగం కొట్లాట లేనట్టే" అన్నారు. తన తొట్టి నుంచి డజను పిల్లచేపలను తెచ్చి వదిలారు. ఉన్నవాళ్ళే కొట్టుకుంటుంటే ఇంకా జనాన్ని తెస్తారేమిటని నేను విస్తుపోయాను. ఆయన చెప్పిన మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: "ఇద్దరుంటే పగ. ఇరవైమందుంటే పగ పెట్టుకొనేదానికి యెవునికీ తీరికుండదు."

ఇంకో మాట కూడా అనేవారు. "దెబ్బ తిన్నోన్ని తీసి దాచొద్దు. వాడు మళ్ళా వచ్చినాక ఇంకా తంతారు. తీసేటట్లయితే కొట్టేటోన్నే తియ్యల్ల." ఈ మాటను పాఠకులు కొంచెం గుర్తుంచుకోవాలి. నేను గుర్తుంచుకోలేదు.

ఆయన దయాగుణానికి ఒక్క ఉదాహరణ చెబుతాను. సిక్లిడ్‌లలో తల్లిచేప గుడ్లను నోట్లోనే దాచుకుంటుంది. పిల్లలు బయటికి వచ్చేదాకా తిండి ముట్టదు. అలాంటి తల్లి ఒకటి పెంకు చాటున బిక్కుబిక్కుమంటూ ఉంటే, చీకట్లో అది మగవాళ్ళ కంటబడకుండా పీరా గారు తొట్టికి ఆ పక్క పాత దుప్పటి కప్పారు. ఆ గదిలో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదని ఆంక్ష పెట్టారు. నేనొక కత మొదలుపెడితే వేలు పెదవుల మీద పెట్టి వారించారు. వంటింట్లో నుంచి ఖాజాబీ వదిన, "నా కడుపులో బిడ్డుండంగ పక్కనే రేడియో పెద్దగ పెట్టినోడు ఈయప్పే" అన్నారు. ఆయన చిరునవ్వు నవ్వి, తగ్గు స్వరంతో, "అప్పుడు నాకు తెలివి లేదు" అన్నారు.

మరో సంఘటన. ఒకే బోరు మీద బతికే అన్నదమ్ములిద్దరు కాలిన మోటారు తెచ్చి, నీ వల్ల కాలిందంటే నీ వల్లని ఆయన ముందే కలబడ్డారు. రెండు రోజుల్లో పని పూర్తయింది. నా కళ్ళతో చూశాను. అయినా వాళ్ళు ఎప్పుడొచ్చినా "తీగ రాలేదప్పా, కూసోండి" అని బెంచీ చూపించేవారు. తీగచుట్ట ఆయన నెత్తి మీదే వేలాడుతూ ఉండేది. ఒకే బెంచీ మీద కూర్చుని కూర్చుని, ఐదో రోజుకు ఆ అన్నదమ్ములు ఒకే బండి మీద వచ్చారు. మోటారు సిద్ధంగా ఉంది. నేను పగలబడి నవ్వి, "అన్నా, నా దగ్గరే నేర్చుకున్నావు" అన్నాను. ఎంత అమాయకుణ్ణి. ఆయన ఆ విద్యను ఇతరుల మీదే ప్రయోగిస్తారని అనుకున్నాను.

ఇక దరోగా.

నేను మొదట కొన్న మూడింటిలో ఒకడు. నలుపు మీద నీలి చారలు. తోకకు పైన చిన్న గాటు, పసితనంలో ఎవరో కొరికింది. అరచేతిలో పట్టేంత ప్రాణి. దాని రాజసం వర్ణించడం నా తరం కాదు, అయినా చాలాసార్లు వర్ణించాను. టికెట్ల తనిఖీకి తిరిగే ఇన్‌స్పెక్టరు ఒకసారి మా ఇంటికి వస్తే, ఖాకీ బట్ట చూసి అద్దానికి ఎదురు దూకిందన్నది మాత్రం కత కాదు. మా ఆవిడ సాక్ష్యం. నేను డ్యూటీ దిగి ఇంట్లోకి రాగానే ఎదురొచ్చేది. నా వేలి నుంచి తిండి తీసుకునేది. నా మాట సాంతం విన్న జీవి ఈ లోకంలో అదొక్కటే అని మా ఆవిడ అనేది.

కానీ హంతకుడు. పీరా గారి పిల్లచేపల్లో నాలుగింటిని చంపాడు. మిగిలినవి నీటి పైన మూలకు చేరి వణుకుతూ ఉండేవి. పీరా గారు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించారు. మధ్యలో అద్దం అడ్డం పెట్టారు. వారం పాటు వాణ్ణి బయటికి తీసి, అందరూ కుదురుకున్నాక చివరివాడిగా వదిలారు. అన్నిటికంటే ముఖ్యంగా, పదిహేను రోజులకోసారి తొట్టిలో రాళ్ళన్నీ తీసి కొత్త చోట్ల పెట్టమన్నారు. పాత గుర్తులు చెరిగిపోతే ఎవడికీ సొంత రాజ్యం ఉండదు, అందరూ ఆ రోజే వచ్చినవాళ్ళవుతారు. శుక్రవారం నమాజు కాగానే మా ఇంటికి వచ్చి అడిగేవారు.

"రాళ్ళు మార్చినావా నాగప్పా?"

"మార్చినానన్నా."

ఒక శుక్రవారం వచ్చి, చాలాసేపు తొట్టి ముందు నిలబడి, "వీన్ని పదైదు దినాలు నా దగ్గర పెట్టు. బుద్ధి చెప్పి పంపిస్తా" అన్నారు. బకెట్లో వేసి ఇచ్చాను. పదో రోజు కబురు పంపారు. వెళ్ళేసరికి వాకిట్లో కరివేపాకు కుండీ దగ్గర కూర్చుని ఉన్నారు. పక్కన తెల్లగుడ్డలో చుట్టిన చిన్న మూట.

"పోయినాడప్పా. పొద్దున చూస్తే తేలుతాండాడు."

నేను గుడ్డ విప్పి చూస్తానన్నాను. "చూడొద్దు. నీ కంట్లో వాడు బతికున్న రూపమే ఉండనీ" అన్నారు. ఎంతటి ఉదాత్తమైన మాట అనుకున్నాను. కుండీలో గుంట తీసి మూటను పూడ్చారు. నేను చేతులు జోడించాను. నా భుజం మీద చేయి వేసి ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత రెండేళ్ళూ ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా ముందు కుండీకి నమస్కరించి, తర్వాతే గడప తొక్కేవాణ్ణి.

ఆయన పోయిన మూడో రోజు జియారత్ ప్రార్థనలకు వెళ్ళాను. అలవాటుగా కుండీకి నమస్కారం పెట్టాను. ప్రార్థన ముగిశాక షామియానా కింద నా పక్క కుర్చీలో ఒక పెద్దమనిషి కూర్చున్నారు. పేరు ఓబులేసు. తనకల్లులో బడి పంతులుగా చేస్తున్నారు. ఆయన కూడా పీరా గారి దగ్గర చేపలు తీసుకుని పెంచుతున్నవారే. మాటల్లో ఫోను తీసి తన తొట్టి చూపించారు. ఇరవై ముప్పై చేపల మధ్య, నలుపు మీద నీలి చారలు. తోకకు పైన గాటు.

"ఈ నల్లోడు మీకు యాడ దొరికినాడు సార్?"

"పీరా సారే ఇచ్చినాడు. రెండేండ్లయితాంది. పాపం, దీని యజమాని చనిపోయినాడంట."

"యెవురంట ఆయప్ప?"

"యెవురో బస్సు కండక్టరంట. మడకశిర బస్సు."

టీ గ్లాసు కింద పెట్టాను. "యెట్ల పోయినాడంట?"

"కత చెప్తా చెప్తా గుండె నిల్చిపోయిందంట సార్. కత సగంలో ఉండంగనే. జనం ఇంకా నవ్వుతానే ఉన్నారంట, ఈయన లేడు."

"పేరు?"

"నాగరాజో ఏమో."

"నా పేరూ నాగరాజే సార్."

"అట్లనా. ఈ పక్క శానామంది ఉంటారు లెండి నాగరాజులు."

"మడకశిర బస్సులో కండక్టర్ని."

ఓబులేసు గారు నా ముఖం చూడలేదు. ముందు నా పాదాల వైపు చూశారు, వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని. ముందుకే ఉన్నాయని రూఢి చేసుకున్నాక నెమ్మదిగా తల ఎత్తారు. "చెయ్యి ముట్టుకోండి సార్" అని నేనే చేయి చాపాను. ముట్టుకున్నారు. పంతులు గదా, పరీక్షించి గానీ నమ్మరు.

"ఇంకేమన్నాడు నన్ను గురించి?" అన్నాను.

ఆయన ఇబ్బందిగా కదిలారు. "మంచోడన్నాడు సార్. నోరు తెరిస్తే అబద్ధమేగాని, ఆ అబద్ధంతో యెవురింట్లోనూ పొయ్యి ఆరలేదన్నాడు. ఈ చేపంటే ప్రాణమంట. ఆ ప్రేమే దీన్ని చెడగొట్టిందన్నాడు. ఆ మాట చెప్తా సారు ఏడ్చినాడు గూడా."

నా సంస్మరణ నాకు దక్కింది. చదివేవాళ్ళకు నవ్వు రావచ్చు. నాకు మాత్రం ఆ షామియానా కింద కూర్చున్న కుర్చీతో సహా భూమిలోకి దిగిపోతున్నట్టనిపించింది. నా చేప చచ్చిందని నాకు చెప్పి, నేను చచ్చానని ఇంకొకరికి చెప్పి, రెండు చోట్లా కన్నీళ్ళు కార్చిన మనిషి. ఇరవై ఏళ్ళ నా కతలన్నీ కలిపినా ఆ ఒక్క కతకు సరితూగవు.

లేచి తలుపు దగ్గరికి వెళ్ళాను. భర్త పోయినవాళ్ళు పాటించే ఇద్దత్‌లో ఉన్నారు గనుక ఖాజాబీ వదిన తెర వెనక నుంచే మాట్లాడారు.

"వదినా, దరోగా బతికుండేది నీకు తెలుసా?"

"తెలుసు మరిదీ."

"మరి ఈ కుండీలో పూడ్చింది ఏంది?"

"వంకాయ."

"వంకాయా?"

"పుచ్చు వంకాయ. నల్లగుంటాది, గుడ్డలో చుడితే తెలీదన్నాడు. నేను వద్దన్న్యా. పాపం మరిది వచ్చినప్పుడంతా మొక్కుతాండాడు, చూడలేకుండా ఉండానన్న్యా. మొక్కనీలే, కరివేపాకు బాగా కాస్తాంది అన్నాడు."

తెర వెనక నవ్వు వినిపించింది. నాకూ నవ్వొచ్చింది. చావింట్లో, మూడో రోజున, తెరకు చెరో పక్కన ఇద్దరం నవ్వాం. తర్వాత ఆ పక్క నవ్వు మారిపోయింది. నేను తల వంచుకుని నిలబడ్డాను. "నీకు చెప్పల్లనే అనుకుంటాండె" అన్నారు కాసేపటికి. "ప్రతి శుక్రవారమూ ఈ వారం చెప్తా అనేవాడు."

ఇక్కడొక నిజం ఒప్పుకోవాలి. ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. రాళ్ళు మార్చానని నేను ఆయనకు ప్రతి శుక్రవారం చెప్పిన మాట అబద్ధం. అన్నీ మార్చేవాణ్ణి. ఎడమ మూల కడప బండను మాత్రం కదిలించేవాణ్ణి కాదు. అది దరోగా ఇల్లు. దాన్ని తీస్తే వాడు దిక్కుతోచక అటూ ఇటూ తిరిగేవాడు, ఆ చూపు నేను చూడలేకపోయేవాణ్ణి. ఆ మూల వాడిదిగా ఉన్నంతకాలం మిగతా తొట్టి కూడా వాడిదే. నాలుగు చేపల చావులో నా చేయి ఉంది. ఆ చివరి శుక్రవారం పీరా గారు చాలాసేపు నిలబడి చూసింది ఆ బండనే. వెలుతురు తగిలే వైపు ఒత్తుగా పచ్చని పాచి పట్టింది, అద్దానికి ఆనుకున్న వైపు నల్లరాయి నల్లగానే ఉంది. నెలల తరబడి కదలని రాయి అని ఎవరికైనా తెలుస్తుంది. ఆయన వేలితో అద్దం మీద ఒకసారి రుద్ది, ఏమీ అనకుండా, మా ఆవిడను టీ అడిగారు.

అప్పుడే నన్ను తిట్టి ఉంటే? ఒట్టు పెట్టి మళ్ళీ అదే చేసేవాణ్ణి. చేప తనకల్లులో ఉందని చెప్పి ఉంటే? ఆదివారానికల్లా బకెట్‌తో ఆ వాకిట్లో ఉండేవాణ్ణి. అది ఆయనకు తెలుసు. తెలిసినంత మాత్రాన బాధ తగ్గుతుందా? నన్ను ఒక మనిషిగా కూర్చోబెట్టి చెప్పకుండా, తొట్టిలో చేపను తిప్పినట్టు తిప్పారు. నాకూ నా దరోగాకూ మధ్య చావును అడ్డుగోడగా పేర్చారు. ఎంత ప్రేమతో చేసినా అది ద్రోహమే.

అందుకే మొన్న ఆదివారం బకెట్, మూత, బ్యాటరీతో గాలి కొట్టే చిన్న పంపు తీసుకుని తనకల్లు వెళ్ళాను. నా చేపను నేను తెచ్చుకుందామని. ఓబులేసు గారు పెరట్లోకి తీసుకెళ్ళారు. వేపచెట్టు నీడన పెద్ద సిమెంటు తొట్టి, నిండా రాళ్ళు, ముప్పై చేపలు. దరోగా లావెక్కాడు. నీలం కొంచెం వెలిసింది. ఒక చిన్న పసుపుచేప దగ్గరికి వస్తే బెత్తెడు దూరం తరిమి, ఎందుకొచ్చిందిలే అన్నట్టు వెనక్కి తిరిగాడు. ఓబులేసు గారు తిండి చల్లితే అందరితోపాటు ఒక పక్కన తిన్నాడు. నా నీడ నీటి మీద పడింది. వాడు పైకి చూడలేదు.

"తీసుకుపోండి సార్. మీదే కదా" అన్నారు ఓబులేసు గారు.

వల నీళ్ళలోకి దించాను. వాడు కదల్లేదు. వలను ఇంకో అంగుళం జరిపితే నావాడు.

"ఈడికొచ్చినాక ఎన్నింటిని చంపినాడు సార్?"

"ఒగదాన్ని గూడా లేదు."

అప్పుడే ఆయన ఇల్లాలు టీ తీసుకుని పెరట్లోకి వచ్చారు. బకెట్‌నూ, వలనూ, నన్నూ మార్చి మార్చి చూశారు. "యెవురండీ ఈయన?"

"ఆ నల్లచేప యజమాని."

"ఆయన చనిపోయినాడంటిరి కదా?"

నేను వల పైకి తీసి, నీళ్ళు దులిపి, బకెట్లో పెట్టాను.

"అవునమ్మా" అన్నాను. "ఆయన్నే నేను."

పీరన్నా, నీ తర్వాత ఈ జిల్లాలో మా చేపలకు వైద్యుడు లేడు, నా కతలకు కొలబద్ద లేదు. నీ మాట మాత్రం తనకల్లులో నిలబెట్టి వచ్చాను. నీకు సమర్పించడానికి ఇంతకంటే నివాళి నా దగ్గర లేదు. క్షమించాననుకోవద్దు.